పదకొండు రోజులు

పొద్దున్న ఏడు గంటలకి హైమ వంటింట్లో చోడి అంబలి కలియబెడుతూ కూతురి మీద కేకలేస్తోంది.

"బిందూ! మీ నాన్నొచ్చే యేళయ్యింది. మెంతుల నీళ్ళు బల్ల మీదెట్టు. పెసలు మొలకలొచ్చాయో లేదో సూడు."

"నాకు బస్సు పోతాదమ్మా! పెద్దమ్మని పిలువు."

"మీ పెద్దమ్మ బట్టల కాడున్నాది. ఆ చేత్తోటే నువ్వెట్టీ."

పెరట్లో కుళాయి పక్కన చప్టా మీద కూర్చున్న కన్యాకుమారి ఆ మాటలు విని నవ్వుకుంది. ఆ ఇంట్లో రెండేళ్ళుగా ప్రతి పొద్దూ ఇలాగే మొదలవుతోంది. మరిది చంద్రమౌళికి సుగర్ మూడు వందల ఇరవై ఉందని తేలిన రోజు నుంచి హైమ వంటింటిని తలకిందులు చేసేసింది. టీలో పంచదార పోయింది. రాత్రి అన్నం పోయింది. కొర్రలూ సామలూ వచ్చాయి. మౌళి కూడా మొండివాడే. రోజూ తెల్లవారకముందే లేచి చీపురుపల్లి స్టేషను రోడ్డంతా నడిచి వచ్చేవాడు. తొమ్మిది కిలోలు తగ్గాడు. మెయిన్ రోడ్డులో అతని విత్తనాల కొట్టుకి వచ్చిన రైతులు వేరుశెనగ గింజల ధర అడిగినట్టే, "బాబూ, నీకు సుగర్ ఎలగ తగ్గిపోనాది?" అని కూడా అడిగేవారు. "ఓడించీసాను" అని మౌళి చొక్కా వదులు చూపించి నవ్వేవాడు.

ఇంట్లో వాషింగ్ మెషీను ఉన్నా, చిన్న చిన్న బట్టలు కన్యాకుమారి చేత్తోనే ఉతుకుతుంది. ఆ అలవాటు మానలేదు. రుమాలు అయింది, తువ్వాలు అయింది. బకెట్టు అడుగునుంచి మౌళి సాక్సు తీసింది. తీయగానే ఆ వాసన వచ్చింది.

ఆమె చెయ్యి ఆగిపోయింది.

ఆ వాసన ఆమెకి కొత్త కాదు. భర్త లక్ష్మణరావు పోయాక ఎన్నోసార్లు వచ్చింది. దేవుడి గదిలో దీపం వెలిగిస్తుంటే వచ్చింది. ఉతికి ఆరేసిన దుప్పటి ముఖానికి ఆనించుకుంటే వచ్చింది. కుళ్ళిన పండులా తియ్యగా, ఆ వెనకే ఇనుములా చేదుగా ఉండే వాసన. ప్రతిసారీ హైమని పిలిచి, "ఏటో వాసనొస్తన్నాది, సూడు" అనేది. హైమ ఇల్లంతా తిరిగొచ్చి, "ఏటీ లేదక్కా. నీకలగ అనిపిస్తాది" అనేది. పోనుపోను ఆమె హైమని పిలవడం మానేసింది. వాసన మాత్రం మానలేదు.

ఇదీ అంతేననుకుంది. కానీ సాక్సు తిరగేస్తే, బొటనవేలి కింద అరచేతి గుంటంత మేర పసుపూ గోధుమా కలిసిన మరక గట్టిగా ఎండి ఉంది. కన్యాకుమారి ఆ మరక మీద వేలు పెట్టి చూసింది. వేలికి అంటింది.

ఇది జ్ఞాపకం కాదు.

బిందు బస్సుకి పరుగెత్తింది. హైమ స్నానానికి వెళ్ళింది. మౌళి ముందు గదిలో కూర్చుని అంబలి తాగుతున్నాడు. కన్యాకుమారి తడి చేతుల్తోనే వెళ్ళి అతని ముందు నిలబడింది. ఆమె ఆ ఇంటికి పెద్ద కోడలిగా వచ్చేనాటికి మౌళి తొమ్మిదో తరగతి. పరీక్షల రోజుల్లో ఆమె చేతి ముద్దలు తిని బడికి వెళ్ళినవాడు.

"మౌళీ, ఎడంకాలు సూపించు."

"ఏటి వదినా?"

"సూపించమంటన్నాను."

అతను వాకిలి వైపు ఒకసారి చూసి, కాలు మోకాలి మీదకి ఎత్తుకున్నాడు. కిందటి నెల విజయనగరంలో నడక కోసమని కొన్న కొత్త బూట్లు ఒరిసి, పొక్కు లేచి, అది చితికి పుండయింది. రూపాయి బిళ్ళంత. అంచులు తెల్లగా నాని ఉన్నాయి. నడుమ ఎర్రగా లేదు. అదే ఆమెని భయపెట్టింది.

"నొప్పి లేదేటి?"

"అస్సలు లేదు. అందుకే ఏటీ కాదంటన్నాను. నిన్న సాక్సు తడిగా ఉంటే సూసుకున్నాను." అతను గొంతు తగ్గించాడు. "హైమకి సెప్పకు వదినా. గోల సేసి ఆసుపత్రికి లాక్కెల్తాది. నాలుగు రోజులు సూద్దాం. పసుపెట్టీ."

కన్యాకుమారి తడి చేతులు కొంగుతో తుడుచుకుంది. ఆ మాటలు ఆమె ఇదివరకు విన్నది. ఇదే గదిలో. ఇదే తగ్గిన గొంతుతో. అన్నదమ్ములిద్దరిదీ ఒకటే గొంతు. ఆ రోజు లక్ష్మణరావు అన్నదీ ఇదే. "మౌళికి సెప్పకు కన్యా. గోల సేస్తాడు. నాలుగు రోజులు సూద్దాం."

అప్పుడు సరేనంది. ఇప్పుడూ, నోరు దానంతటదే తెరుచుకున్నట్టు, "సరే" అంది.

*

నాలుగేళ్ళ కిందట లక్ష్మణరావు చెప్పులో చిన్న మేకు లేచింది. రోజంతా కొట్లో నిలబడ్డా అతనికి తెలియలేదు. సుగర్ వల్ల కాలు మొద్దుబారితే నొప్పి తెలియదని అప్పటికి ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. సాయంత్రం ఆమె గడప మీద రక్తపు మరక చూసింది. అతను చెప్పొద్దన్నాడు. ఆమె చెప్పలేదు. వేణ్ణీళ్ళతో కడిగి పసుపు పెట్టింది. నాలుగు రోజులు ఆరు రోజులయ్యాయి. ఆరు పదకొండయ్యాయి. పదకొండో రోజు వణుకుతూ జ్వరం వచ్చాకే మౌళికి కబురు చేసింది. అదీ జ్వరమని.

విశాఖపట్నం ఆసుపత్రిలో ఆపరేషన్ గది బయట పెద్ద డాక్టరు ముసుగు దించుకుని ఆమెతో ఒక్క మాటన్నాడు. "పది రోజుల ముందు తెచ్చుంటే కాలు దక్కేదమ్మా. ఇంట్లో ఎవరూ చూడలేదా?"

"ఎవరూ సూడలేదు బాబూ" అంది ఆమె.

మందులు కొని పరుగెత్తుకొచ్చిన మౌళి, "డాక్టరేటన్నాడు వదినా?" అని అడిగాడు. "ఏటీ సెప్పలేదు" అంది. ఆ రోజు నుంచి మౌళి ఊరందరికీ ఒకటే చెప్పేవాడు. మా అన్న సొంత కాళ్ళ మీద నడిచి కారెక్కాడు, జ్వరమని తీసికెళ్తే కాలు కోసి పంపేశారు, అని. కన్యాకుమారి పక్కనే నిలబడి వినేది.

మోకాలి కింద కాలు తీసేశాక లక్ష్మణరావు ఏడు నెలలు బతికాడు. లేని పాదం దురద పెడుతోందనేవాడు. "అరికాలు గోకవే కన్యా" అని బతిమాలేవాడు. మొదట్లో, "కాలు లేదు కదండీ" అనేది. అతని మొహం చూడలేక తర్వాత్తర్వాత మంచం మీద పాదం ఉండాల్సిన చోట దుప్పటిని గోళ్ళతో గీసేది. "అక్కడే... ఇంకొంచెం కిందికి" అని అతను కళ్ళు మూసుకునేవాడు. ఇప్పటికీ మధ్యాహ్నం కునుకు తీసి లేచేసరికి ఆమె వేళ్ళు చాప మీద గీస్తూ ఉంటాయి.

*

మంగళవారం కొట్టు వెనక బస్తాల గదిలో కన్యాకుమారి మౌళి కాలు కడిగింది. ఒక్క రోజులో పుండు లోతయింది. ఒక అంచు నల్లబడింది. దూదితో కొంచెం గట్టిగా నొక్కింది. అతను ఫోనులో ఎవరికో వరి విత్తనాల సంగతి చెబుతూనే ఉన్నాడు. కాలు ఆమె చేతుల్లో ఉందన్న స్పృహే అతనికి లేదు.

ఫోను పెట్టేశాక అడిగింది. "మాత్రలేసుకుంటన్నావా?"

అతను బస్తాల వైపు చూశాడు. "మానీసి ఏడు నెలలయ్యింది."

"ఏడు నెలలా? హైమ రోజూ తీసి బల్ల మీదెడతాది కదేటి?"

"జేబులో ఏసుకుంటాను. సుగర్ నార్మలొచ్చింది కదా వదినా. తిండి మార్సాను, నడుస్తన్నాను. ఇంకా మాత్రలెందుకు? ఈ పుండుతో పరీక్షకెల్తే ఆళ్ళు సుగర్ సూడరు. కాలు సూస్తారు."

ఆ మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరు. కన్యాకుమారి చాప వేసుకుని పడుకుంది కానీ కళ్ళు మూతపడలేదు. మూడు గంటలవేళ ముందు గదిలో చప్పుడైంది. టక్. కాసేపాగి మళ్ళీ టక్. లక్ష్మణరావు చంకకర్ర చప్పుడు. లేచి కూర్చుని, "వస్తన్నాను, ఉండండి" అని పైకే అంది. వెళ్ళి చూస్తే కిటికీ రెక్క గాలికి కొట్టుకుంటోంది. గొళ్ళెం పెట్టింది. అయినా అక్కణ్ణుంచి కదలలేకపోయింది. గోడ మీద ఫోటోలో భర్త ఎప్పట్లాగే నవ్వుతున్నాడు. ఆ నవ్వులో నింద లేదు. ఉంటే బాగుండుననిపించింది ఆమెకి. బతికున్నన్నాళ్ళూ అతను పొరపాటున కూడా, "నువ్వైనా సెప్పుండాల్సింది" అనలేదు. ఆ మాట అననందుకే ఆమె నాలుగేళ్ళుగా నిద్రపోలేకపోతోంది.

మౌళి ఎందుకు భయపడుతున్నాడో అప్పుడు ఆమెకి అర్థమైంది. ఆసుపత్రికి వెళ్తే కాలు పోతుందని అతనికి ఎవరు నేర్పారు? డాక్టరు నేర్పలేదు. ఊరు నేర్పలేదు. "ఏటీ సెప్పలేదు" అన్న తన మాటే నేర్పింది. ఆ అబద్ధం ఇప్పుడు అతని కాలి కింద చేరి తింటోంది.

*

బుధవారం పొద్దున్న మౌళి బల్ల దగ్గర కూర్చున్నాడు. బిందు సంచీ భుజానేసుకుని జడకి రబ్బరు చుట్టుకుంటోంది. హైమ మొలకలు గిన్నెలోకి తీస్తోంది. కన్యాకుమారి పెరటి గుమ్మంలో నిలబడింది.

"హైమా, మౌళి ఎడంకాలి సాక్సు ఇప్పు."

"వదినా!" అన్నాడు మౌళి.

హైమ ఇద్దరి మొహాలూ చూసింది. గిన్నె కింద పెట్టి, భర్త కాలి దగ్గర కూర్చుని, సాక్సు లాగింది. వాసన గుప్పుమంది. బిందు చెయ్యి ముక్కుకి అడ్డం వెళ్ళింది. అంతలోనే తన తండ్రి కాలని గుర్తొచ్చి ఆ చెయ్యి దించేసి ఏడుపు మొదలుపెట్టింది.

"ఎన్ని రోజులయ్యింది?" అడిగింది హైమ.

"నాకు తెలిసి మూడ్రోజులు" అంది కన్యాకుమారి.

"నీకు తెలుసా? మూడ్రోజుల్నుంచి తెలిసి, నా పక్కనే కూరలు తరుగుతా కూకున్నావా అక్కా?"

"వదిన్నేటనకు. నేనే సెప్పొద్దన్నాను." మౌళి కాలు వెనక్కి లాక్కున్నాడు. "సుగర్ మాత్రలు కూడా నేనే మానీసాను. ఇప్పుడేటి? నాలుగు రోజుల్లో ఆరిపోతాది."

"లెగండి. విజయనగరం ఎల్దాం."

"ఎల్లను."

"ఏటి ఎల్లరు? సావాలనుందా?"

"ఎల్తేనే సస్తాను!" మౌళి బల్ల మీద చరిచాడు. అంబలి గ్లాసు దొర్లి కింద పడింది. "అన్న ఎల్లలేదేటి? నడుసుకుంటా ఎల్లాడు. జొరమని ఎల్లాడు. నా కళ్ళతో సూసాను, సొంత కాళ్ళ మీద కారెక్కాడు. మూడో రోజుకి కాలు కోసీసారు. నేనే సంతకం ఎట్టాను. ఈ చేత్తోనే. సుగరున్నోడు దొరికితే ఆళ్ళకి కోత తప్ప ఇంకోటి తెలీదు. ఏం వదినా? నువ్వక్కడే ఉన్నావు కదా, నువ్వు సెప్పు హైమకి!"

కన్యాకుమారి గుమ్మాన్ని పట్టుకుంది. చెప్పాక ఈ ఇంట్లో తన చాప ఎక్కడ ఉంటుందో ఆమెకి తెలియదు. పిల్లల్లేని మనిషి. ఉన్న ఆసరా ఈ ముగ్గురే.

"జొరమని నేను సెప్పాను మౌళీ" అంది. "మీ అన్నకి కాల్లో మేకు దిగింది. పదకొండు రోజులు పుండుతో ఉన్నారు. నాకు తెలుసు. రోజూ కడిగాను. పసుపెట్టాను. వాసనొస్తే సాంబ్రాణి పొగేసాను. ఎవరికీ సెప్పొద్దన్నారు, నేను సెప్పలేదు."

కన్యాకుమారి మౌళి వైపే చూస్తూ చెప్పుకుపోయింది.

"డాక్టరు నాతో అన్నాడు. పది రోజులు ముందొస్తే కాలు దక్కేదని. ఎవరూ సూడలేదా అని అడిగితే, సూడలేదన్నాను. నువ్వడిగితే ఏటీ సెప్పలేదన్నాను. ఆసుపత్రికెల్లి కాలు పోలేదు బాబూ. ఎల్లక పోనాది. నేను దాసినందుకు పోనాది." ఆమె గుమ్మం వదిలి ఒక అడుగు ముందుకేసింది. "నన్నేటన్నా సెయ్యి. ఇంట్లోంచి పొమ్మన్నా పోతాను. నువ్వు మాత్రం ఎల్లు."

బయట రోడ్డు మీద బస్సు హారను కొట్టింది. అది బిందు బస్సు. బిందు కదల్లేదు.

"పదకొండు రోజులా?" అన్నాడు మౌళి. "నాలుగేళ్ళు నేనా డాక్టర్ని తిట్టుకుంటా తిరిగాను. నువ్వింటన్నావు."

"ఇన్నాను."

మౌళి కూర్చున్నచోటే వంగి, బయల్దేరడానికి సాక్సు తొడుక్కోబోయాడు. హైమ దాన్ని లాగి పారేసి, శుభ్రమైన గుడ్డ చుట్టింది. బిందు కారుకి ఫోన్ చేసింది. ముగ్గురూ వాకిలి దాటుతుంటే కన్యాకుమారి కూడా చెప్పులు వేసుకోబోయింది. హైమ వెనక్కి తిరక్కుండానే అంది. "నువ్వింటికాడ ఉండక్కా."

*

ఆ రోజు ఫోను మోగలేదు. కన్యాకుమారి ఒలికిన అంబలి తుడిచింది. తుడిచిన చోటే మళ్ళీ తుడిచింది. మధ్యాహ్నం దాటాక చిన్న సంచీలో నాలుగు చీరలు పెట్టుకుంది. బొబ్బిలిలో తమ్ముడున్నాడు. పొమ్మనకముందే పోతే మౌళికి ఆ మాట అనాల్సిన బాధ తప్పుతుందనుకుంది. అయినా అతని కాలు సంగతి తెలియకుండా గడప దాటలేకపోయింది.

సాయంత్రం బిందు ఒక్కతే వచ్చింది. వస్తూనే ఆమె మెడ చుట్టూ చేతులు వేసింది.

"కాలు తియ్యరంట పెద్దమ్మా! ఎముక దాకా పోలేదంట. చచ్చిన కండ తీసి శుభ్రం చేశారు. సుగర్ నాలుగు వందలు దాటిపోయింది. మూడు నాలుగు రోజులుంచి సెలైన్లో మందులెక్కిస్తారు. ఇన్సులిన్ కూడా మొదలెట్టారు. ఇంకో వారమైతే చెప్పలేమన్నారు డాక్టరుగారు."

కన్యాకుమారి అక్కడే నేల మీద కూర్చుంది. ఏడుపు రాలేదు.

"పుండు ముందు చూసిందెవరని డాక్టరుగారు అడిగారు" అంది బిందు. "నాన్న గోడవైపు తిరిగారు. తర్వాత 'మా వదిన' అన్నారు." అప్పుడు ఆ పిల్ల కళ్ళు సంచీ మీద పడ్డాయి. "ఇదేంటి?"

"ఏటీ లేదే."

బిందు సంచీ విప్పి, చీరలు నాలుగూ తీసి బీరువాలో పెట్టేసింది.

శుక్రవారం రాత్రి హైమ ఫోన్ చేసింది. పొడిగా మాట్లాడింది. "రోజూ కట్టు మార్సాలంట. రక్తం సూస్తే నాకు కళ్ళు తిరుగుతాయని నీకు తెలుసు కదా. రేపు పొద్దున్న బండికి రా. నేర్పిస్తారు."

విజయనగరంలో డాక్టరు అనూరాధ క్లినిక్కు చిన్నదే. కన్యాకుమారి లోపలికి వెళ్ళేసరికి మౌళి గోడవైపు మొహం తిప్పుకుని పడుకుని ఉన్నాడు. డాక్టరమ్మ చేతులెలా కడుక్కోవాలో, సెలైన్ నీళ్ళతో పుండెలా శుభ్రం చేయాలో, కట్టు ఎంత బిగించాలో చూపించింది. పసుపు వద్దంది. వేణ్ణీళ్ళు అసలే వద్దంది. ఆ కాలు నేల మీద ఆనించి నడవొద్దని మౌళికి గట్టిగా చెప్పింది.

"మీరు తిండి మార్చారు, నడిచారు, బరువు తగ్గారు. అదంతా మంచిదే, మానొద్దు" అందామె. "కానీ సుగర్ అదుపులోకి రావడం వేరు, పోవడం వేరు. ఏ మందు తగ్గించాలో పరీక్ష చూసి నేను చెప్తాను. మీరు జేబులో వేసుకోవడం కాదు."

మౌళి గోడకేసే తలూపాడు.

"మూడ్రోజులు దాసానమ్మా" అంది కన్యాకుమారి ఉన్నట్టుండి. డాక్టరమ్మ ఆమె వైపు తిరిగింది. "మూడో రోజు చెప్పారు కదా. ముందు ఈ గుడ్డ మడత పెట్టడం చూడండి" అంది.

*

ఇంటికొచ్చాక రోజూ పొద్దున్న తొమ్మిదింటికి మౌళి వరండాలో కుర్చీలో కూర్చుని కాలు ఎత్తిపెట్టేవాడు. కన్యాకుమారి పీట వేసుకుని ఆ కాలు ఒళ్ళోకి తీసుకునేది. అతను పేపరు మొహానికి అడ్డం పెట్టుకునేవాడు. ఒక్క మాట ఉండేది కాదు. హైమ ఇన్సులిన్ సూది ఇచ్చి, సుగర్ అంకె నోటుబుక్కులో రాసి వెళ్ళిపోయేది. హైమ మాట్లాడేది గానీ, "ఉప్పు ఎక్కడెట్టావు", "పాలు పొంగుతాయి సూడు" అన్నంత వరకే.

కన్యాకుమారి ఆ మౌనాన్ని తనకి రావాల్సిందేనన్నట్టు తీసుకుంది. కట్టు విప్పే ప్రతిసారీ ముక్కు దగ్గరికి తెచ్చి వాసన చూసేది. ఆరో రోజుకి వాసన తగ్గింది. తొమ్మిదో రోజుకి లేదు. అడుగున ఎర్రగా కొత్త కండ కనిపించింది. ఆ ఎరుపు చూసి, "మీ పుండు ఇలగ ఎర్రగా అవ్వలేదు కదండీ" అని లోపల్లోపల భర్తతో అనుకుంది.

పదమూడో రోజు ఆమె దూది అద్దుతుంటే పేపరు వెనకనుంచి మాట వచ్చింది.

"అన్న నిన్ను ఏటని అడిగాడు?"

ఆమె తలెత్తలేదు. "నువ్వేటడిగావో అదే. అదే మాట."

పేపరు మడత పడింది. మౌళి కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఈ పదమూడు రోజులూ నీ మీద కోపంతోనే కూకున్నానొదినా. ఎంత కోపమంటే, కాలు నీ సేతికివ్వడానికి మనసొప్పలేదు. నిన్న రాత్రి తట్టింది. నేనూ దాయమని అడిగాను కదేటి? అన్న కాలు పోనాదని తెలిసీ నిన్నే అడిగాను. నాకేటన్నా అయ్యుంటే హైమ జన్మంతా నిన్ను తిట్టేది. నన్ను కాదు. అన్న ఫోటోకి దండేసి నేను నిన్ను మనసులో తిట్టుకున్నట్టే." అతను పేపరు పక్కన పెట్టాడు. "నీ సేత దాయించింది మేమే. అలగ అడక్కూడదు. ఎవరూ ఎవరినీ అడక్కూడదు."

"నేను సెప్పుండాల్సింది బాబూ."

"సెప్పుండాల్సిందే" అన్నాడు మౌళి. "ఆ మాట కాదనను. అన్న కాలు సంగతి తల్సుకుంటే నాకిప్పుడూ కడుపు మండుతాది. కానీ నా కాలు ఉన్నాది కదేటి, నీ ఒళ్ళో."

కన్యాకుమారి చేతిలో దూది అలాగే ఉండిపోయింది. కన్నీళ్ళు పుండు మీద పడకుండా మొహం పక్కకి తిప్పుకుంది.

*

పుండు మానడానికి రెండు నెలలు పట్టింది. ఇన్సులిన్ తగ్గించి డాక్టరమ్మ మళ్ళీ మాత్రల్లోకి తెచ్చింది. మౌళి మెత్తటి అడుగున్న చెప్పులు చేయించుకున్నాడు. మొదట వీధి చివర దాకా, తర్వాత స్టేషను దాకా నడక మొదలుపెట్టాడు. కొట్లో ఎవరైనా సుగర్ ఎలా పోయిందని అడిగితే, "పోలేదు, ఇంట్లోనే ఉన్నాది. దాన్ని సూసుకుంటా బతకాల" అని చెప్పులు విప్పి మచ్చ చూపించేవాడు. మూడు నెలల సుగర్ సగటు చూపే పరీక్షలో అంకె పదిన్నర నుంచి ఏడున్నరకి వచ్చింది. డాక్టరమ్మ, "బావుంది, మళ్ళీ మూడు నెలలకి రండి" అంది. కిందటిసారి ఈ మాట వినగానే మందులు మానేసిన మనిషి, ఈసారి తారీఖు అడిగి ఫోనులో రాసుకున్నాడు.

రోజూ దీపాల వేళకి ముందు హైమ వరండాలో కూర్చుని, ఫోను లైటు వేసి, మొగుడి అరికాళ్ళు, వేళ్ళ సందులూ చూసేది. అది ఆ ఇంట్లో కొత్త నియమం. ఒక సాయంత్రం చూడటం అయిపోయాక, గడప మీద మినుములు బాగు చేసుకుంటున్న కన్యాకుమారిని పిలిచింది.

"అక్కా, నువ్విలగొచ్చి కూకో."

"నాకేటయ్యిందే? నాకు సుగర్ లేదు కదా."

"ఎప్పుడన్నా పరీక్ష సేయించావేటి?"

కన్యాకుమారి మినుముల చేట పక్కన పెట్టింది. మౌళి లేచి తన కుర్చీ ఆమె వైపు జరిపాడు. "కూకో వదినా."

ఆమె కూర్చుని పాదాలు చీర కుచ్చిళ్ళ కిందకి లాక్కుంది. హైమ వాటిని బయటికి లాగి తన ఒళ్ళో పెట్టుకుంది. ముప్పై ఎనిమిదేళ్ళుగా ఆ ఇంటి నేల మీద చెప్పుల్లేకుండా తిరిగిన పాదాలు. పగుళ్ళలో తనే మందుగా పెట్టుకున్న పసుపు ఇంకిపోయి ఉంది. మౌళి లైటు పట్టుకున్నాడు. కుడి మడమ పక్కన ఒక పగులు లోతుగా తెగి, రక్తం గడ్డకట్టి ఉంది. హైమ మొహం పాలిపోయింది. కళ్ళు ఒకసారి గట్టిగా మూసుకుని తెరిచింది. పాదం మాత్రం వదల్లేదు.

"ఇదేటక్కా? ఎన్నాళ్ళయ్యింది? నొప్పి లేదేటి?"

లేదనబోయింది కన్యాకుమారి. ఎవరడిగినా అదే అనడం ఆమెకి అలవాటు. కానీ ఇద్దరూ పని మానుకుని ఆమె మొహంలోకి చూస్తున్నారు. వాళ్ళకి తొందరేమీ లేదు.

"ఉన్నాది" అంది. "సానా రోజుల్నుంచి ఉన్నాదే హైమా."

హైమ ఆమె పాదాన్ని రెండు చేతులతో గుండెకి ఆనించుకుంది. కన్యాకుమారి వెక్కి వెక్కి ఏడ్చింది. భర్త పోయిన రోజు కూడా ఆమె అలా ఏడవలేదు.